తుపాకి గొట్టంలో చెనిక్కాయ నూనె

తుపాకి గొట్టాన్ని లోపల ఎలా శుభ్రం చేయాలో మా నాయన ఒక పూటంతా చెప్పగలడు. సొంత అన్నతో మనసులో మాట చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. ఆయన మంచితనం గురించి చుట్టాలు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ మంచితనం ఎంత పని చేసిందో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి నాకు మాత్రం అది వింటే ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివర్లో మేం హిందూపురంలో అద్దెకుండేవాళ్ళం. నాయన మిలిటరీ నుంచి వచ్చాక లైసెన్సు తెచ్చుకుని, ఎవరో వాడిన రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి కొనుక్కుని, బంగారం తాకట్టు పెట్టుకునే ఒక ఫైనాన్సు కంపెనీలో గన్‌మాన్‌గా చేరాడు. ఆ ఉద్యోగంలో మనిషి కంటే తుపాకి ముఖ్యం. తుపాకి బాగుంటేనే ఉద్యోగం. పొద్దున్నే యూనిఫాం వేసుకుని, తుపాకి భుజానికి తగిలించుకుని ఆయన వీధిలో నడిచిపోతుంటే ఇరుగుపొరుగు పక్కకు తప్పుకునేవాళ్ళు. నాతో బి.ఎడ్. చదివే అమ్మాయిలు మీ నాయనను చూస్తే భయమేస్తుందని అనేవాళ్ళు. ఇంట్లో బల్లిని తోలాలన్నా అమ్మను పిలిచే మనిషని నేను వాళ్ళకు చెప్పేదాన్ని కాదు.

పెదనాయన పెనుకొండ దగ్గర సొంత ఊళ్ళోనే ఉండేవాడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే నాయనను పెంచింది ఆయనే. తాను బడి మానేసి తమ్ముణ్ణి చదివించాడు. తమ్ముడు మిలిటరీకి పోతే చేనంతా ఒక్కడే చూసుకున్నాడు. ఇద్దరి మధ్యా పెద్దగా మాటలుండేవి కావు, తిట్లు మాత్రం ఉండేవి. పెదనాయన మా గడప తొక్కితే మొదట వినిపించేది తిట్టే. "ఏం రా, ఇంట్లో గాలి రాకుండా ఇట్ల మూసుకోని కూచున్యావే, నీకేమన్నా బుద్ధి ఉండాదా?" అని నాయనను తిట్టి, చేలో పండిన చెనిక్కాయల, అంటే వేరుశనగల, మూట దించి, అప్పుడు మంచినీళ్ళు అడిగేవాడు. నాయన నవ్వుతూ తిట్టించుకునేవాడు.

ఆ ఏడు ఎన్నికలొచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పాలి. లైసెన్సు సొంత ఊరి చిరునామాతో ఉంది కాబట్టి నాయన పోయి అక్కడే ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. ఊళ్ళో పెదనాయన ఇంట్లోనే పడుకోబెట్టాం. తుపాకి అప్పజెప్పే ముందు గొట్టాల లోపల పల్చగా నూనె పట్టించి ఇవ్వాలని నాయన జ్వరంలోనే గొణిగాడు. గన్ ఆయిల్ డబ్బా హిందూపురంలో ఉండిపోయిందన్న సంగతి ఎవరికీ తోచలేదు. "నువ్వు పండుకోప్పా, నేను జూసుకుంటా," అన్నాడు పెదనాయన.

చూసుకున్నాడు. కొత్తగా గానుగాడించిన చెనిక్కాయ నూనె, దేవుడి దీపానికని విడిగా తీసిపెట్టిన నూనె, తెచ్చి రెండు గొట్టాల్లోనూ ధారాళంగా పోశాడు. అందులో ఆయన తప్పు నాకేమీ కనిపించదు. మా సీమలో చెనిక్కాయ నూనెతో జరగని పని లేదు. పసిపిల్లల ఒంటికి అదే, తలకు అదే, తలుపు బందులు కిర్రుమంటే అదే, బండి ఇరుసుకూ అదే. తుపాకికి ఎందుకు పనికిరాదని ఆయన అనుకుంటాడు? మంచం మీది నుంచి లేచిన నాయన పైపైన చూశాడు. నిగనిగలాడుతోంది. ఎప్పుడూ దేన్నీ వెలుతురుకు పెట్టి చూడకుండా వదలని మనిషి, అన్న చేశాడు కదా అని ఆ ఒక్కసారి చూడలేదు. అన్న భుజం పట్టుకుని పోయి తుపాకి అప్పజెప్పి వచ్చాడు.

ఎన్నికలు, లెక్కింపు, ఆ తర్వాత కాగితాలు. తుపాకి తిరిగి చేతికి రావడానికి నెలలు పట్టింది. ఇంటికి తెచ్చిన రోజు నాయన గొట్టాలు విడదీసి కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతికిచ్చి, "నువ్వొకసారి జూడు పాపా," అన్నాడు. ఎప్పుడు చూసినా అద్దంలా మెరిసే గొట్టం లోపల పసుపుపచ్చని బంక అట్ట కట్టి ఉంది. బంక పగిలిన చోట ఎర్రటి తుప్పు. తుపాకి నూనె పల్చగా అలాగే నిలబడుతుంది, తినే నూనె మాత్రం గాలికి ఆరి చిక్కబడి బంకవుతుంది, ఆ బంక కింద తేమ చేరి ఇనుమును తింటుంది. ఇదంతా ఆయన తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం గొట్టాన్ని వాసన చూసి, "అన్న చెనిక్కాయ నూనె పోసినాడు," అన్నాడు. అంతే.

నాకు కోపమొచ్చింది. పోయి పెదనాయనను అడుగుతానన్నాను. నాయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు.

"ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టినాడు పాపా. నీ చెయ్యి పడి నా పని పోతాదని ఆయనకు యెట్ల జెప్పేది? ఇది శుభ్రం జేస్తే సరిపాయ. ఆయనకు తెలీకూడదు. మీ అమ్మకు గూడా ఇదే మాట జెప్పినా."

తుపాకి తిరిగొచ్చింది కాబట్టి కంపెనీ తనిఖీ చేసి గానీ ఉద్యోగంలోకి తీసుకోదు. ఆ తనిఖీలోపు గొట్టాలు బాగుపడితే ఉద్యోగమూ ఉంటుంది, పెదనాయనకు జరిగింది తెలియకుండానూ పోతుంది. బాగుపడకపోతే రెండూ పోతాయి. కాబట్టి ఇక ఇంట్లో పగలంతా అదే పని.

మొదట పనిముట్లు కావాలి. మిలిటరీ నుంచి తెచ్చుకున్న రైఫిల్ బ్రష్షు ఒకటి ట్రంకులో ఉంది, తాడుతో సహా. దాన్ని పన్నెండు బోరు గొట్టంలో వేస్తే పసిపిల్ల వేలికి పెద్దవాళ్ళ ఉంగరం తొడిగినట్టు ఎక్కడా తగలకుండా ఇవతలికి వచ్చింది. "రైఫిల్ గొట్టంలో మెలికలు తిరిగిన గాట్లుంటాయి పాపా," అని నాయన మొదలుపెట్టాడు. "దానికి తాడే మేలు. తూటా పెట్టే పక్కనుంచి యేసి మూతి పక్కకు ఒకే ఊపున లాగాల. దీనికి గాట్లుండవు, నున్నగా ఉంటాది. ఇంత బంక తాడుకు రాదు. రాడ్డే కావాల." రాడ్డంటే ఏ రాడ్డు? హిందూపురంలో ఇనుప సామాన్ల అంగడికి నన్ను కూడా తీసుకుపోయాడు. అంగడాయన ఒక ఇనుప కడ్డీ తీసి, "ఇది తీస్కోప్పా, నూరేండ్లుంటాది," అన్నాడు. "కడ్డీ ఉంటాది, గొట్టం ఉండదు," అన్నాడు నాయన. అల్యూమినియం చూపిస్తే గోటితో గీకి చూశాడు. మెత్తగా ఉంది, ఇసుక రేణువులు దాంట్లో దిగబడతాయి, ఆ రేణువులే లోపల గీతలు పెడతాయి అన్నాడు. వడ్రంగి దగ్గర టేకు కర్ర నున్నగా చెక్కించాడు గానీ, ఎడమ గొట్టం మూతి దగ్గర కాస్త ఇరుకు, అక్కడ పట్టేసి విరిగితే అది తీయడం ఇంకో తద్దినం అని దాన్నీ పక్కన పెట్టాడు. చివరికి ఇత్తడి. లేతు మిషన్ పనివాడి దగ్గర, బ్రష్షు బిగించడానికి కొసకు మరలు కోయించాడు. మరల దగ్గర అంచు వేలికి తగులుతోందని రెండుసార్లు వెనక్కి తీసుకుపోయాడు. లేతు పనివాడు మూడోసారి మమ్మల్ని దూరంగా చూడగానే టీ తాగడానికి పోయాడు.

బ్రష్షు కోసం బెంగళూరు పోవలసి వచ్చింది. అక్కడి తుపాకుల అంగడిలో రెండు రకాలు చూపించారట. ఉక్కు తీగలది వేస్తే ఒక్క రోజులో తుప్పంతా రాలుతుంది. కంచు తీగలది నెమ్మదిగా పని చేస్తుంది, అరిగిపోతుంది కూడా. నాయన కంచుదే తెచ్చాడు. "అరగాల్సింది బ్రష్షు, గొట్టం గాదు," అన్నాడు. దాంతో పాటు నూనె పట్టించడానికి ఉన్ని కుచ్చు ఒకటి తెచ్చాడు. గుడ్డ పేలికలు మా ఇంట్లోనే చాలా ఉన్నాయి గానీ అమ్మకు ప్రతి గుడ్డకూ గంజి పెట్టే అలవాటు. గంజి తేమ పట్టుకుంటుందని నాయన తన పాత పంచెలను తానే వేడినీళ్ళలో ఉడికించి ఉతికి ఆరేశాడు. పక్కింటి ధర్మవరం ఆమె పట్టు చీరల ముక్కలిస్తానంది. పట్టు నూనెను పీల్చదు, నూలే కావాలని చెప్పి ఆమెను కూడా నొప్పించాడు.

ఆ తర్వాత కిరోసిన్‌తో నానబెట్టడం, బ్రష్షు తోయడం, గుడ్డతో తుడవడం, వెలుతురుకు పెట్టి చూడటం. బ్రష్షును మధ్యలో వెనక్కి లాగకూడదు, తీగలు వంగిపోతాయి. అవతలికి పూర్తిగా పోయాకే తిరిగి లాగాలి. ఆయన చూపు అప్పటికే మందగించింది కాబట్టి చూడటం నా వంతు. మొదటి వారాల్లో గుడ్డలు బంకగా, పచ్చగా వచ్చేవి. తర్వాత ఎర్రగా వచ్చాయి. ఇల్లంతా కిరోసిన్ కంపు. అన్నంలో కూడా అదే వాసన. అమ్మ ఏమీ అనేది కాదు గానీ గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేది.

మధ్యమధ్య పెదనాయన వచ్చేవాడు. ఆయన రావడమే నాకు భయంగా ఉండేది. ఒకసారి వచ్చి నాయన పక్కనే గొంతుక్కూచుని ఎర్రటి గుడ్డలు చూసి అడిగాడు.

"ఇంత తుప్పు యెట్ల పట్టిందప్పా?"

"వానలకు, అన్నా. తేమకు."

పెదనాయన పకపకా నవ్వాడు. "యాడి వానలు రా? ఆడ నా చేన్లో ఇత్తనం మొలకెత్తల్యా. నీ తుపాకికి తుప్పు పట్టేంత వాన యాడ గురిసింది? యాడో జెప్పు, నేనూ ఆడికే పోయి ఇత్తుకుంటా." తర్వాత తృప్తిగా, "నేను నూనె పోసింటి గాబట్టి సరిపాయ. లేకుంటే గొట్టమే మిగిలేది గాదు," అన్నాడు.

నాయన తల వంచుకుని, "అవునన్నా, నీ నూనె వల్లనే ఈ మాత్రమన్నా ఉండాది," అన్నాడు.

నేను లేచి వంటింట్లోకి పోయాను. అక్కడుంటే నోరు జారేదాన్ని. ఆ నూనె సంగతి పెదనాయన ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది. తమ్ముడు జ్వరంతో పడుంటే తుపాకిని తాను కాపాడానని ఆయన గర్వం.

తనిఖీ దగ్గర పడింది. తుప్పు పోయింది గానీ దాని కింద ఇనుము మీద నల్లటి గుంటలు తేలాయి. మశూచి మచ్చల్లాగా, తూటా పెట్టే వైపు ఎక్కువగా. ఈ సంగతి పెదనాయనకు తెలియకపోయినా, పని నెమ్మదిగా సాగడం చూసి ఇనుమును రుద్దే గరుకు ఎమెరీ కాగితం కట్ట తెచ్చిచ్చాడు. కర్రకు చుట్టి మోటారుకు కట్టి తిప్పితే ఒక పూటలో గొట్టం అద్దంలా అవుతుందని ఎవరో లేతు పనివాడు చెప్పాడట. ఒక మధ్యాహ్నం నాయన ఆ కాగితం కర్రకు చుట్టి గొట్టం మూతి దాకా తీసుకుపోవడం నేను చూశాను. చేయి అక్కడే ఆగింది. గుంటలు పోయేదాకా అరగదీస్తే గొట్టం పల్చబడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, తనిఖీలో దాటుతుంది కూడా ఏమో. కానీ పేలిస్తే ఏ రోజైనా గొట్టం చీలవచ్చు. ఆయన కాగితం విప్పి, మడిచి, అటక మీద పెట్టేశాడు. అన్నను కాపాడటానికి అబద్ధాలు చెప్పగలిగినవాడు, గొట్టంతో ఒక్క అబద్ధం ఆడించలేకపోయాడు. ఆ రోజు నాకు ఆయన మీద గౌరవమే కలిగింది, ఇప్పుడు తలుచుకుంటే దుఃఖమొస్తుంది.

తనిఖీ కంపెనీ వాళ్ళ ధర్మవరం బ్రాంచిలో. ఆ జ్వరం తర్వాత నాయన ఇంకా పూర్తిగా తేరుకోలేదని అమ్మ నన్ను తోడు పంపింది. ప్యాసింజరు రైలులో పోయాం. కాన్వాసు సంచిలో తుపాకి చూసి జనం జరిగి చోటిచ్చారు. పెనుకొండ దాటుతుంటే నాయన మా ఊరి వైపు చూడకుండా అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

బ్రాంచి వెనక షెడ్డులో గన్‌మాన్లందరూ వరసగా నిలబడ్డారు. తనిఖీ చేసేది మిలిటరీలో తుపాకులు బాగుచేసి రిటైరైన పెద్దమనిషి. మా ముందు నిలబడ్డాయన పెదనాయన ఊరికి పక్క ఊరివాడే, పెనుకొండ బ్రాంచిలో పని. నాయనను, నన్ను పలకరించాడు. మా వంతు వచ్చింది. ఆ పెద్దమనిషి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు. తర్వాత తెల్లటి గుడ్డను రాడ్డుకు చుట్టి మూలల్లో తిప్పి, దానికంటిన కాస్త బంకను వాసన చూసి, తలెత్తాడు.

"ఎవురబ్బా దీంట్లో తినే నూనె పోసింది?"

షెడ్డులో అందరూ ఇటు తిరిగారు. నాయన అటెన్షన్‌లో నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు.

"నేనే సార్."

"మిలిటరీలో జేసినోనివి, నువ్వు పోసినావా?"

"నేనే పోసినా సార్. తెలీక."

మిలిటరీ నుంచి వచ్చినవాడు తుపాకి గొట్టంలో వంటనూనె పోశానని పదిమందిలో ఒప్పుకోవడం ఎంత అవమానమో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఒకరిద్దరు నవ్వారు. నాకు అరవాలనిపించింది. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా. ఆ పెద్దమనిషి తుపాకి మూసి, ఇది పనికిరాదు, కాల్చితే ప్రమాదం, అని రాసిచ్చాడు. పక్క ఊరి గన్‌మాన్ మాత్రం నవ్వలేదు. నాయన ముఖంలోకి వింతగా చూశాడు. నూనె ఎవరు పోశారో ఆయన పెదనాయన నోటే అప్పటికే విన్నాడని తర్వాత తెలిసింది.

ఉద్యోగం పోయింది. నాయన తుపాకిని లైసెన్సుతో సహా అప్పజెప్పేసి, ఒక కల్యాణమండపంలో వాచ్‌మన్‌గా చేరాడు. ఎందుకు మానేశావని పెదనాయన అడిగితే చెప్పడానికి ఒక మాట కూడా తయారు చేసుకున్నాడు, మోకాళ్ళ నొప్పులని. ఆ మాట అవసరం పడలేదు. షెడ్డులో జరిగింది ఆ పక్క ఊరి గన్‌మాన్ ద్వారా ఊళ్ళోకి చేరింది. పెదనాయన మా ఇంటికి రావడం మానేశాడు.

నెలలు గడిచాక నేనే ఊరికి పోయాను. పెదనాయన వాకిట్లో ఎండిన చెట్ల నుంచి చెనిక్కాయలు వొలుస్తున్నాడు. కాయల కంటే చెట్లే ఎక్కువ. నేను అడగకుండానే మొదలుపెట్టాడు.

"అందరికీ తెలిసిందంట, నాకు తప్ప. నా మూలాన వాని పని పాయ. అదైనా సరే, పోనీలే అనుకుంటా. నేను సదువుకోలేదు, తెలీక జేసినా. అయితే వాడు నన్నొక మాట అనుండకూడదా? 'నీకు బుద్ధి ఉండాదా అన్నా' అని ఒక్క తిట్టు తిట్టింటే నేను ఏడ్చింటా, అయిపోయేది. మనోళ్ళనే గదా తిట్టుకునేది? తిట్టలేదంటే నన్ను పరాయోణ్ణి జేసినాడు పాపా. నెలల తరబడి నా ముందర రుద్దుకుంటా కూచోని, నీ నూనే కాపాడిందన్నా అనె. నేను ఊరంతా జెప్పుకుంటి. చిన్నపిల్లోని మాదిరి ఆడించినాడు నన్ను."

 ఇంటికొచ్చి నాయనకు ఒక్క అక్షరం దాచకుండా చెప్పాను. పోయి తిట్టు, ఇప్పుడైనా తిట్టు, అని అరిచాను. అమ్మ నన్ను ఆపబోయింది, ఆగలేదు.

నాయన పోయాడు, నేనూ పోయాను. మమ్మల్ని చూడగానే పెదనాయన లేచి నిలబడ్డాడు. లోపలికి పోయి మంచం తెచ్చి వాల్చి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచాడు. పెద్దమ్మ చెంబుతో కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. "రాండి, కూచోండి. ఎండన బడి వచ్చినారు," అన్నాడు పెదనాయన. వియ్యంకులు వస్తే చేసే మర్యాద అది. నాయన ఆ దుప్పటి మీద కూర్చోలేక కూర్చున్నాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు. "అన్నా, నువ్వు..." అని ఆగి, "నువ్వు చిక్కిపోయినావు," అన్నాడు. పెదనాయన కాసేపు ఆ మాట తర్వాత వచ్చే మాట కోసం చూశాడు. రాలేదు. "వానల్లేవు గదా," అని లేచి చెట్ల కుప్ప దగ్గరికి పోయాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు అలాగే గడిచాయి. మేం పోతే మర్యాద, వాళ్ళొస్తే మర్యాద. నా పెళ్ళిలో పెదనాయన బట్టలు పెట్టి, భోంచేసి, చెప్పి మరీ పోయాడు. ఆయన మా ఇంట్లో ఎవర్నీ తిట్టలేదు.

పెదనాయన చనిపోయిన రోజు మేం ఊరికి పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. నాయన చెప్పులు కూడా విడవకుండా నేరుగా పోయి తల దగ్గర నిలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాం. తిట్టడం మొదలుపెట్టాడు. నీకు బుద్ధి ఉండాదా అన్నాడు. నా పని పోగొట్టినావు కదరా అన్నాడు. పదిమందిలో నా పరువు తీసినావు, తెలీకపోతే అడగాల గదా, మూర్ఖుడా, అన్నాడు. జీవితంలో ఎవర్నీ అనని మాటలన్నీ గొంతు చించుకుని అన్నాడు. ఆయనకు మతి పోయిందనుకుని బంధువులు రెక్కలు పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. నేను అడ్డం పోయి వాళ్ళ చేతులు విడిపించాను. ఆయన్ను తిట్టనివ్వండి అన్నాను.